అప్‌డేట్: బస్సు ఇంజిన్‌కి కారు ఏసీ కంప్రెసర్ కుదిరింది

పాత బస్సును ఇల్లులా మార్చుకుంటున్నానని, దాని డీజిల్ ఇంజిన్‌కి కారు ఏసీ కంప్రెసర్ బిగిస్తే పది నిమిషాలకే బెల్టు కీచుమంటోందని అప్పుడు అడిగాను. సమస్య తీరింది. సాయం చేసిన అందరికీ మనసారా థ్యాంక్స్.

తప్పంతా కంప్రెసర్‌ని పట్టి ఉంచే బ్రాకెట్‌దే. మీరు చెప్పినట్టు క్రాంక్ పుల్లీ (ఇంజిన్ వైపు బెల్టును తిప్పే చక్రం) ముఖానికి ఇనుప స్కేలు ఆనించి చూస్తే, కంప్రెసర్ పుల్లీ 4 మి.మీ. వెనక్కి ఉంది, అంటే బెల్టు వంకరగా నడుస్తోంది. పైగా బెల్టు బిగించగానే బ్రాకెట్ వంగుతోంది. వేలు పెడితే ఆ అదురు తెలిసిపోయేది. 10 మి.మీ. ప్లేటుతో కొత్తది చేయించి, నేరుగా ఇంజిన్ బ్లాకుకే నాలుగు బోల్టులతో బిగించాను. ఛాసిస్‌కి (బస్సు ఫ్రేముకి) మాత్రం బిగించకండి. ఇంజిన్ ఊగినప్పుడల్లా బెల్టు టెన్షన్ మారిపోతుంది.

స్పీడు గురించి భయపడ్డాను కానీ అవసరం లేదు. క్రాంక్ పుల్లీ 180 మి.మీ., కంప్రెసర్‌ది 120. అంటే ఒకటిన్నర రెట్లు. ఇంజిన్ 2200 ఆర్‌పీఎం దగ్గర కంప్రెసర్ 3300 తిరుగుతుంది, దానికి అది తేలికే.

ఎవరూ అడగని విషయం ఒకటి: బస్సు కరెంటు 24 వోల్టులు, కారు కంప్రెసర్‌ని ఆన్, ఆఫ్ చేసే క్లచ్‌లోని కాయిల్‌ది 12. నేరుగా కలిపితే కాలిపోతుంది. నేను 24 వోల్టుల కాయిల్ మార్పించాను.

తర్వాత 45 నిమిషాలు వాక్యూమ్ పట్టి (పైపుల్లోని గాలి లాగేసి), గేజ్ కదలలేదని, అంటే లీకు లేదని చూసుకున్నాకే గ్యాస్ ఎక్కించాం. ముందు భాగం హాయిగా చల్లబడుతోంది. వెనక పడక వైపు ఇంకా వేడిగానే ఉంది, అక్కడికి రెండో బ్లోయర్ పెట్టాలి.