4294967297 కి 641 ఎలా దొరికిందో పదో తరగతి పిల్లలకు ఎలా చెప్పాలి?

పాలకొల్లులో సాయంత్రాలు పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతాను. మొన్న 2 ని 32 సార్లు గుణించి 1 కలిపితే వచ్చే సంఖ్య గురించి చెప్పాను. 429 కోట్ల పైమాటే. ఇది ప్రధాన సంఖ్యేనని గణిత శాస్త్రజ్ఞుడు ఫెర్మా నమ్మాడు. 1732లో మరో గణిత శాస్త్రజ్ఞుడు ఆయిలర్ కాదని తేల్చాడు: 641 × 6700417.

ఒకమ్మాయి లేచి, "641 ఆయనకెలా తట్టిందండీ?" అంది. ఎంత మంచి ప్రశ్న!

దీని ప్రధాన కారణాంకం ఏదైనా, 64తో భాగిస్తే 1 మిగలాలి అని చెప్పాను. అలాంటివి 193, 257, 449, 577, తర్వాత 641. ఐదో ప్రయత్నానికే దొరికేసింది! పిల్లలు బోర్డు మీద భాగహారం చేసి కేకలు పెట్టారు.

కానీ 64 ఎందుకు? ఆ కారణాంకాన్ని 'పి' అనుకుంటే, 'పి'తో భాగించినప్పుడు 2 ఘాతం 32 కి శేషం −1 (అంటే 'పి−1'), ఘాతం 64 కి శేషం 1. అంతవరకూ సరే. 'పి−1'ని 64 భాగిస్తుందనడానికి మాత్రం నాకు తెలిసింది డిగ్రీలో చదివిన గ్రూప్ థియరీ అనే పై స్థాయి గణితమే, అది వీళ్లకు అందదు.

కొబ్బరికాయలు రాశులు పోయడం మా పిల్లలందరికీ తెలుసు. 1 నుంచి 'పి−1' దాకా ఉన్న శేషాలను అలాగే 64 చొప్పున రాశులు పోస్తే ఏమీ మిగలదని చూపించవచ్చా? ఏ రెండు రాశులూ కలిసిపోవని ఎలా నమ్మించాలి? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి, చిన్న సంఖ్యతో ఉదాహరణ ఇస్తే మరీ మంచిది. శనివారం ఆ అమ్మాయికి జవాబు చెప్పాలి.