01లు, 10లు సమానంగా ఉండే భాష రెగ్యులర్ ఎలా అవుతుంది?

ప్రశ్న:
0లు, 1లు సమానంగా ఉండే స్ట్రింగుల భాష రెగ్యులర్ కాదు కదా, అంటే పరిమిత స్టేట్లున్న యంత్రం దాన్ని గుర్తించలేదు. 01లు, 10లు (పక్కపక్కన వచ్చే జతలు) సమానంగా ఉండేది కూడా అంతే అనుకుని పంపింగ్ లెమ్మా వాడాను (రెగ్యులర్ భాషలో తగినంత పొడవున్న ప్రతి స్ట్రింగ్‌లో, మొదటి పి అక్షరాల్లోపు వై అనే ముక్క ఉంటుంది, దాన్ని తీసేసినా, ఎన్నిసార్లు రాసినా స్ట్రింగ్ భాషలోనే ఉంటుంది అనేది). లెంగ్త్ పి. 01ని పి సార్లు, వెంటనే 10ని పి సార్లు రాశాను. రెండూ 2పి−1 చొప్పున వచ్చాయి. వైగా మొదటి 0ని ఎంచుకుని తీసేస్తే ఒక 01 తగ్గి లెక్క తప్పింది. కానీ ఇది రెగ్యులరే అంటున్నారు. నా రుజువులో తప్పెక్కడండీ?

జవాబు 1:
వైని మీరే ఎంచుకోవడం దగ్గర. స్ట్రింగ్ మీది, కానీ దాన్ని ముక్కలు చేసే హక్కు అవతలివాడిది (భాష రెగ్యులరే అని వాదించేవాడిది). మొదటి పి అక్షరాల్లో వై ఎక్కడ పడినా లెక్క తప్పుతుందని చూపిస్తేనే రుజువు. మీ స్ట్రింగ్‌లోనే అతను మొదటి 01ని వైగా తీసుకున్నాడనుకోండి (పి కనీసం 2). తీసేసినా, పదిసార్లు రాసినా 01లు, 10లు కలిసే తగ్గుతాయి, కలిసే పెరుగుతాయి.

అసలు కారణం: ఒక 01 వచ్చాక మధ్యలో 10 రాకుండా ఇంకో 01 రాలేదు. కాబట్టి తేడా ఎప్పుడూ 1 దాటదు. మొదటి అక్షరం, చివరి అక్షరం ఒకటే అయితే సమానం, అంతే.

జవాబు 2:
డీఎఫ్‌ఏకి (స్ట్రింగ్‌ని అక్షరం అక్షరంగా చదివి యాక్సెప్ట్ లేదా రిజెక్ట్ చేసే, పరిమిత స్టేట్ల యంత్రానికి) 5 స్టేట్లు కావాలి: స్టార్ట్, 0తో మొదలై ఇప్పుడు 0, 0తో మొదలై ఇప్పుడు 1, 1తో మొదలై ఇప్పుడు 1, 1తో మొదలై ఇప్పుడు 0. మూడోది, అయిదోది తప్ప అన్నీ యాక్సెప్ట్. ఖాళీ స్ట్రింగూ భాషలోదే కాబట్టి స్టార్ట్ కూడా. చాలామంది స్టార్ట్‌ని రెండో స్టేట్‌తో కలిపేస్తారు. అప్పుడు ఒంటరి 1 రిజెక్ట్ అయిపోతుంది. 5 కన్నా తగ్గించలేం, ఏ రెండు స్టేట్లనైనా ఏమీ చేర్చకుండానో, ఒక్క అక్షరం చేర్చో విడదీయొచ్చు.

ఇలాంటి చోట నేనైతే మైహిల్-నెరోడ్ సిద్ధాంతాన్నే నమ్ముతాను. లెమ్మా చెల్లినంత మాత్రాన భాష రెగ్యులర్ అయిపోదు. నెరోడ్ క్లాసులు (వెనక ఏ స్ట్రింగ్ చేర్చినా ఒకే ఫలితం ఇచ్చే స్ట్రింగుల గుంపులు) పరిమితమైతే మాత్రం కచ్చితంగా రెగ్యులరే.

ప్రశ్న అడిగినవారు:
అర్థమైందండీ. మరి 00లు, 11లు సమానమైతే? ఇవన్నీ ప్రోగ్రామే తేల్చగలదా?

జవాబు 2:
అది రెగ్యులర్ కాదు. 00ల సంఖ్యకు హద్దు లేదు, దాన్ని ఆపడానికి మధ్యలో 11 రానక్కర్లేదు. 011లు, 110లు మాత్రం మళ్ళీ రెగ్యులరే.

రెండు డీఎఫ్‌ఏలు ఇస్తే ఒకే భాషో కాదో ప్రోగ్రామ్ తేలుస్తుంది. మీది 5, ఇంకొకరిది 7 స్టేట్లయితే 35 జతలు. స్టార్ట్ జత నుంచి బీఎఫ్ఎస్ (దగ్గరి జతలతో మొదలుపెట్టి వరసగా వెతకడం) చేయండి. ఒకటి యాక్సెప్ట్, ఇంకొకటి రిజెక్ట్ అయ్యే జత తగిలితే, అక్కడికి చేర్చిన స్ట్రింగే తేడాకి సాక్ష్యం. ఇచ్చింది కాంటెక్స్ట్-ఫ్రీ గ్రామర్ (ఒక్కో గుర్తును స్ట్రింగులుగా మార్చే నియమాల జాబితా) అయితే, దాని భాష రెగ్యులరా కాదా అన్నది అన్‌డిసైడబుల్, అంటే ఏ ప్రోగ్రామూ అన్ని సందర్భాల్లో తేల్చలేదు.