రేషనల్ పీరియడ్ ఫంక్షన్ పోల్స్‌లో √5 ఎక్కడిది?

ప్రశ్న: ఎమ్మెస్సీ అయ్యాక మాడ్యులర్ ఫారాలు (కొన్ని ప్రతిక్షేపణలకు సౌష్ఠవం చూపే ఫంక్షన్లు) సొంతంగా చదువుతున్నాను. గణితవేత్త మార్విన్ నాప్ 1970లలో మొదలుపెట్టిన రేషనల్ పీరియడ్ ఫంక్షన్ల (కొన్ని ప్రతిక్షేపణ షరతులు పాటించే బహుపదుల భిన్నాల) దగ్గర బండి ఆగింది. గుణకాలన్నీ పూర్ణాంకాలే కదా, పోల్స్‌లో (హారం సున్నా అయ్యే చోట్లలో) √5 ఎందుకు?

జవాబు: పూర్తి నిర్వచనం పక్కన పెట్టి పెన్ను తీయండి. రెండు షరతులు చాలు: చ బదులు −1/చ పెడితే ఫంక్షన్ గుర్తు మాత్రమే మారాలి; ఫంక్షన్‌నూ, (చ−1)/చ, −1/(చ−1) పెడితే వచ్చేవాటినీ కూడితే సున్నా రావాలి. చలరాశి ‘చ’ అనుకుందాం. వెయిట్ 2లో (అంటే ప్రతిక్షేపణ తర్వాత భాగించే ఘాతం 2) 1/(చ²+చ−1) + 1/(చ²−చ−1) తీసుకోండి. చ బదులు −1/చ పెట్టి చ²తో భాగిస్తే మొత్తం గుర్తు మారుతుంది. మొదటి షరతు అయింది. ఇప్పుడు (చ−1)/చ పెట్టి మళ్లీ చ²తో భాగించండి. 1/(చ²−3చ+1) అని పిలవని పేరంటం ఒకటి వస్తుంది. కంగారొద్దు, −1/(చ−1) పెట్టి (చ−1)²తో భాగిస్తే అదే మైనస్‌తో వస్తుంది. మొదటి ఫంక్షన్‌తో కలిపి మూడూ కూడితే సున్నా, రెండో షరతూ అయింది. హారాల్లోని ఈ వర్గసమాసాలన్నిటి విచక్షణి (b²−4ac) 5, మూలాల్లో దాని వర్గమూలం వస్తుంది. ఈ ప్రతిక్షేపణలు దాన్ని మార్చలేవు, అందుకే √5.

ఇంకొకరు: 0 కూడా పోల్ కావచ్చండీ. వెయిట్ 2లో 1/చ సరిచూడండి, రెండు లైన్ల పని. 0 కాకపోతే పోల్ వాస్తవ వర్గ కరణీయమే (పూర్ణాంక గుణకాల వర్గసమీకరణానికి √5 లాంటిది ఉన్న వాస్తవ మూలమే) కావాలని నాప్ నిరూపించారు.

ప్రశ్న అడిగినవారు: మరి వెయిట్ 4కి రెండు పదాలనూ వర్గం చేస్తే?

జవాబు: నడవదు. వర్గంలో మైనస్ పోతుంది, మొదటి షరతులోనే దెబ్బతింటుంది. వెయిట్ 6కి ఘనం చేసి చూడండి.