కామ్డెన్‌లో ప్రొమొతోరాలకు సర్టిఫికెట్ తప్పనిసరి చెయ్యాలా, వద్దా?

మందుల శ్రీను (న్యూజెర్సీ):
అందరికీ నమస్కారం. నేను కామ్డెన్‌లో ఫార్మసిస్టుని. ఫిలడెల్ఫియాలో బ్రిడ్జి ఎక్కి నది దాటితే మా ఊరే. ఒకప్పుడు ఇక్కడ క్యాంప్‌బెల్ సూపు ఫ్యాక్టరీ, ఓడల కార్ఖానా, ఆర్‌సీఏ రేడియోలు ఉండేవి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సూపు ఫ్యాక్టరీలో పనికి ప్యూర్టో రికో నుంచి జనాన్ని పిలిపించుకున్నారు. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, జనం ఉండిపోయారు. తర్వాత డొమినికన్లు, మెక్సికన్లు వచ్చారు. ఇప్పుడు ఊళ్ళో సగం మంది లాటినోలే. ఊరి పరిస్థితి మాత్రం అంతంతమాత్రం.

ప్రొమొతోరాలంటే ఆ లాటినో పేటల్లోనే ఉంటూ ఇల్లిల్లూ తిరిగి షుగరు, బీపీ, టీకాల గురించి చెప్పే ఆడవాళ్ళు. మన ఆశా కార్యకర్తల టైపు.

విషయం ఏంటంటే, ఒక పెద్దాయనకి బీపీ మాత్రలు ఇచ్చాం. సీసా మీద ఇంగ్లీషులో రోజుకి 'వన్స్' అని ఉంది. ఆ స్పెల్లింగునే స్పానిష్‌లో 'ఓన్సె' అని చదువుతారు. ఓన్సె అంటే పదకొండు! మర్నాడు ప్రొమొతోరా ఒకావిడ కౌంటర్ దగ్గరికొచ్చి ఫోన్లో ఫొటో చూపించింది. సాసర్లో పదకొండు మాత్రలు, పక్కన గ్లాసుడు నీళ్ళు. వేరే పని మీద వాళ్ళింటికెళ్ళి చూసిందట. ఇంకో ఐదు నిమిషాలు ఆలస్యమైతే మింగేసేవాడు. ఆ లేబుల్ వెళ్ళింది మా కౌంటర్ నుంచే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆవిడ చదివింది ఎనిమిదో తరగతి. కోర్సు చెయ్యలేదు, సర్టిఫికెట్ లేదు. ఇలాంటివాళ్ళకి కోర్సు తప్పనిసరి చేస్తే ముందు ఊడేది ఈవిడ ఉద్యోగమే. కాబట్టి వద్దంటాను. మీరేమంటారు?

పల్నాటి డాక్టర్:
శ్రీను గారూ, మంచి మనిషి దొరికింది, అదృష్టం. అదృష్టాన్ని నమ్ముకుని వైద్యం చెయ్యలేం కదా. ఇన్సులిన్ వేసుకుంటే కళ్ళు పోతాయని లాటినో పేషెంట్లలో చాలామంది నమ్ముతారు. పేషెంటు నమ్మితే నచ్చజెప్పుకుంటాం. ఇంటికొచ్చే ప్రొమొతోరాయే నమ్మితే? ఆవిడా ఆ వీధిలో పుట్టిందేగా.

ఇంకోటి. మీ ఊరి కథే మర్చిపోయారు. డాక్టర్ జెఫ్రీ బ్రెన్నర్ మొదలుపెట్టిన కామ్డెన్ కొయలిషన్, మాటిమాటికీ ఆస్పత్రిలో చేరేవాళ్ళ వెంట నర్సుల్నీ, సోషల్ వర్కర్లనీ, కమ్యూనిటీ హెల్త్ వర్కర్లనీ (మీ ప్రొమొతోరాల్లాంటివాళ్ళే) పెట్టింది. దేశమంతా మెచ్చుకుంది. తీరా 800 మందిని చీటీలు వేసినట్టు రెండు గుంపులు చేసి చూస్తే? 2020 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది: ఆరు నెలల్లోపు మళ్ళీ ఆస్పత్రిలో చేరినవాళ్ళు సాయం అందినవాళ్ళలో 62.3 శాతం, అందనివాళ్ళలో 61.7. తేడా ఏదీ? జ్వరం 104కి ఎక్కినవాడికి తాయెత్తు కట్టినా మర్నాటికి తగ్గుతుంది, కట్టకపోయినా తగ్గుతుంది.

గోదారోడు:
ఇది తెలుగు ఫోరమేనా బాబూ, దారి తప్పి మెక్సికో వచ్చానా 😀
అయినా సర్టిఫికెట్ అంటే పేరు, అడ్రసు, కాగితాలు. కాగితాల్లేని కుటుంబాలకి గవర్నమెంటు బ్యాడ్జి చూస్తేనే గుండె దడ. తలుపు తియ్యరు.

మందుల శ్రీను:
@గోదారోడు, ప్యూర్టో రికో వాళ్ళు 1917 నుంచీ అమెరికా పౌరులేనండీ. వాళ్ళకి ఆ భయం లేదు. మెక్సికన్ కుటుంబాల విషయంలో మాత్రం మీరన్నది నిజం. 2019లో, ప్రభుత్వ సాయం తీసుకుంటే గ్రీన్ కార్డుకి అడ్డం అనే రూలు ప్రకటించినప్పుడు, అమెరికాలో పుట్టిన పిల్లల మందులకి కూడా రాక మానేసినవాళ్ళున్నారు. 2021లో ఆ రూలు తీసేశాక కూడా వెంటనే రాలేదు. ఇంటికెళ్ళి కూర్చోబెట్టి చెప్పింది మళ్ళీ ఈ ఆడవాళ్ళే.

వసుంధర, హ్యూస్టన్:
నేను మధ్యలో దూరతాను. కోర్సు అనగానే ఉద్యోగం ఊడుతుందని ఎందుకనుకుంటున్నారు? మా టెక్సస్‌లో 1999లోనే దీనికి చట్టం మొదలైంది. కోర్సు 160 గంటలు. స్పానిష్‌లోనూ చెబుతారు. అప్పటికే వెయ్యి గంటలు పనిచేసినవాళ్ళకి అనుభవం చూసి ఇచ్చే దారి కూడా పెట్టారు. జీతం తీసుకునేవాళ్ళకే తప్పనిసరి, ఊరికే సేవ చేసేవాళ్ళకి అక్కర్లేదు. శ్రీను గారి ప్రొమొతోరా ఇక్కడుంటే కోర్సు మొహం చూడకుండానే సర్టిఫికెట్ వచ్చేదేమో.

డాక్టరు గారూ, మీరు చెప్పిన స్టడీ ఆస్పత్రుల చుట్టూ తిరిగి తిరిగి అలిసిపోయిన రోగుల మీద, కొన్ని నెలల పాటు చేసింది. ఏళ్ళ తరబడి ఒకే వీధిలో ఉండి, షుగరు ముదరకముందే పట్టుకునే మనిషి పనిని దాంతో ఎలా కొలుస్తారు?

మీకు 'సుస్తో' తెలుసా? మన సుస్తీ కాదండోయ్. దడుపు. ఏదో ఒకరోజు హడలిపోయాను, అప్పట్నుంచీ షుగరు వచ్చింది అంటారు మెక్సికన్ ఆడవాళ్ళు. డాక్టరు ఆ మాట విని స్క్రీన్ వైపు తిరిగిపోతాడు. ప్రొమొతోరా మాత్రం "ఏం చూసి దడుచుకున్నావమ్మా?" అని అడుగుతుంది. అప్పుడు బయటికొస్తుంది కొడుకుని పోలీసులు పట్టుకెళ్ళిన సంగతి, అప్పట్నుంచీ తిండీ నిద్రా లేని సంగతి, మాత్రలు మానేసిన సంగతి. మన ఇళ్ళల్లో పిల్లలకి దడుపు జ్వరం అనరూ? నవ్వుతామా?

రిజిస్టర్ల రాణి (వినుకొండ):
అమెరికా సంగతి నాకు తెలీదు. మా పిన్ని ఆశా వర్కరు, చూసింది చెప్తా. 2005లో ఈ పథకం మొదలుపెట్టినప్పుడు వీళ్ళని ఉద్యోగులనలేదు, కార్యకర్తలన్నారు. కాన్పుకి తీసుకెళ్తే ఇంత, టీకా వేయిస్తే ఇంత. మన రాష్ట్రంలో 2019లో నెలకి 10 వేలు చేశారు, సంతోషం. దాంతోపాటు రిజిస్టర్లు, ఫోన్లో యాప్ వచ్చి పడ్డాయి. ఇదివరకు పిన్ని ఒక ఇంటికెళ్తే చాప మీద కూర్చుని, చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని, అత్తగారి ఎదుట కోడలు ఏం చెప్పట్లేదో కనిపెట్టేది. ఇప్పుడు గుమ్మంలోనే నిలబడి ఫొటో తీసుకుని అప్‌లోడ్ అయిందో లేదో చూసుకుంటుంది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలందరికీ అవార్డిచ్చింది. ఉద్యోగి అనే మాట మాత్రం ఇంకా రాలేదు.

వసుంధరక్కా, సర్టిఫికెట్ వచ్చాక పని ఎవరు చెప్తారు? వీధా, ఆఫీసా?

పల్నాటి డాక్టర్:
రాణి గారు అడిగింది సరైన ప్రశ్న. అయినా లెక్క లేకుండా డబ్బెవరిస్తారమ్మా? ఫిలడెల్ఫియాలో డాక్టర్ శ్రేయా కంగోవి బృందం హెల్త్ వర్కర్లని పద్ధతిగా ఎంపిక చేసి, శిక్షణిచ్చి, పైన సూపర్‌వైజర్లని పెట్టింది. డాలరు పెడితే మెడికెయిడ్‌కి (పేదలకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా) 2.47 డాలర్లు తిరిగొచ్చిందని 2020లో లెక్క చూపించింది. ఆ పథకం నడిపేవాళ్ళే వేసుకున్న లెక్క, ఒప్పుకుంటాను. కానీ కాలిఫోర్నియాలో 2022 జులై నుంచి వీళ్ళ పనికి మెడికెయిడ్ డబ్బు కడుతోందంటే ఇలాంటి లెక్కలు చూపించబట్టే కదా. సుస్తోకి బిల్లింగ్ కోడ్ (బీమా డబ్బు అడగడానికి వేసే నంబరు) లేదు.

వసుంధర, హ్యూస్టన్:
అదేగా నేననేది. కోడ్ లేకపోతే వినడం మానేస్తామా?
రాణీ, నీ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఇక్కడా ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చినావిడ ఫోన్ ముందు కూర్చుని అపాయింట్‌మెంట్లు గుర్తుచెయ్యడంతోనే సరిపెట్టడం చూశాను.

మందుల శ్రీను:
నిన్న ఆవిడ మందులకొచ్చింది. మీ వాదనంతా నా అరకొర స్పానిష్‌లో చెప్పి, సర్టిఫికెట్ కావాలా అని అడిగాను. వద్దంటుందనే అనుకున్నాను. ఆవిడ బ్యాగులోంచి జీతం చీటీ తీసి కౌంటర్ మీద పెట్టి, ఉద్యోగం పేరున్న చోట వేలు పెట్టింది. 'తాత్కాలిక సహాయకురాలు' అని ఉంది. తొమ్మిదేళ్ళుగా అదే పేరట. గ్రాంటు జూన్‌తో అయిపోతుందట.

వసుంధర గారూ, ఆ వెయ్యి గంటల లెక్కకి ఏమేం కాగితాలు అడుగుతారో కాస్త రాస్తారా?