"తా గేల్గె అగమ్": మన 'నాకు' ఐరిష్‌లో ఎన్ని ముక్కలవుతుంది?

ఐరిష్ మొదటి పాఠాల్లోనే వచ్చే వాక్యం ఇది: తా గేల్గె అగమ్. 'నాకు ఐరిష్ వచ్చు' అని అర్థం. విడదీస్తే తా అంటే ఉంది, గేల్గె అంటే ఐరిష్ భాష, అగమ్ అంటే నా దగ్గర. పెద్దయ్యాక ఈ భాష మొదలుపెట్టిన తెలుగువాళ్ళకు ఈ వాక్యం చూడగానే ధైర్యం వస్తుంది, మన 'నాకు' లాంటిదే కదా అని. తీరా 'నాకు ఆకలిగా ఉంది' దగ్గరికి వచ్చేసరికి అగమ్ పోయి ఒరమ్ వస్తుంది. 'నాకు టీ ఇష్టం' అంటే ల్యుమ్. 'నాకు పుస్తకం ఇచ్చాడు' అంటే దుమ్. వీటిని విడదీసి పట్టుకునే పద్ధతి ఏదైనా ఉందా? ఇంగ్లీషు మీదుగా వెళ్ళడం మంచిదా, తెలుగు మీదుగానా? తెలిసినవారు కాస్త వివరంగా రాయగలరు.

* * *

తెలుగు మీదుగానే వెళ్ళండి, కానీ సగం దూరమే.

ఇంగ్లీషులో 'హావ్' అనే క్రియ ఉంది. ఐరిష్‌లో అలాంటి క్రియే లేదు, తెలుగులోనూ లేదు. రెండు భాషల్లోనూ వస్తువు 'ఉంటుంది', అది ఎవరి దగ్గర ఉందో పక్కన చెబుతాం. కాబట్టి వాక్యం చట్రం మనకు కొత్త కాదు. పైగా ఈ తరహా వాక్యాల్లో ఐరిష్ వరస తెలుగుకు సరిగ్గా తలకిందులు. 'నా దగ్గర పెద్ద పుస్తకం ఉంది' అన్నదాన్ని చివరి నుంచి చదవండి: ఉంది, పుస్తకం, పెద్ద, నా దగ్గర. ఐరిష్‌లో తా ల్యౌర్ మోర్ అగమ్. ఒక్క మాట కూడా జరపక్కర్లేదు.

చిక్కు విభక్తి దగ్గర వస్తుంది. మన 'కు' చేసే పనిని ఐరిష్ కనీసం ఐదు విభక్తులకు పంచింది. ఒక్కోదానికి ఒక మూలార్థం ఉంది, దాన్ని పట్టుకుంటే చాలావరకు దారి దొరుకుతుంది.

అగమ్, 'నా దగ్గర'. చేతిలో ఉన్న వస్తువు, డబ్బు, సమయం, బంధువులు, వచ్చిన విద్య. 'నాకు ఈత వచ్చు' అంటే తా స్నావ్ అగమ్. ఇంగ్లీషువాళ్ళకు ఇది వింతగా ఉంటుంది. మనకు ఉండదు, విద్యలకు మనమూ 'వచ్చు' అనే అంటాం, 'చేయగలను' అనం.

ఒరమ్, 'నా మీద'. ఒంటి మీదికి, మనసు మీదికి వచ్చి పడేవన్నీ దీని కిందికే వస్తాయి. ఆకలి ఒక్రస్, దాహం తర్త్, అలసట తుర్షె, బాధ బ్రోన్, సంతోషం ఆహస్, జలుబు స్లైదాన్, జ్వరం ఫీవ్రస్. అన్నిటికీ 'తా ... ఒరమ్' అనే చట్రమే. తప్పనిసరి పని కూడా మీద పడేదే: తా ఒరమ్ ఇమెఖ్త్, నేను వెళ్ళక తప్పదు.

ల్యుమ్, 'నాతో', నా దృష్టిలో. ఇష్టాయిష్టాలు దీనివి. ఇస్ మా ల్యుమ్ తే, నాకు టీ ఇష్టం.

దుమ్, 'నా వైపుకు', నా కోసం. ఇచ్చేవి, మేలు కీడులు. ఇస్ మా ల్యుమ్ అంటే నాకు ఇష్టం, ఇస్ మా దుమ్ అంటే నాకు మంచిది. మొదటిది మిఠాయికి, రెండోది కషాయానికి. ఒక్క విభక్తి మారితే చాలు, అర్థం తిరగబడుతుంది.

ఉఎమ్, 'నా నుంచి'. దీనితో 'నాకు కావాలి' అంటారు: తా తే ఉఎమ్. 'నా నుంచి' అన్నది ఇక్కడ 'కావాలి' ఎలా అయిందా అని ఆగిపోకండి. నా దగ్గర లేని లోటును చెబుతోంది అనుకుంటే గుర్తుంటుంది.

ఒకే నామంతో రెండు విభక్తులు పోల్చి చూసుకోవడం అన్నిటికన్నా మేలు. తా కోత అగమ్: నాకు కోటు ఉంది, బీరువాలో ఉండవచ్చు. తా కోత ఒరమ్: కోటు వేసుకుని ఉన్నాను. రెండూ ఒకే వాక్యంలో వచ్చేదీ ఉంది: తా జెహ్ యూరో అగమ్ ఒర్త్. పది యూరోలు నా దగ్గర, నీ మీద. అంటే నువ్వు నాకు పది యూరోలు బాకీ. ఇంత చిన్న వాక్యంలో అప్పిచ్చినవాడు, పుచ్చుకున్నవాడు ఇద్దరూ ఇమిడిపోయారు. నాకు ఈ భాషలో అన్నిటికన్నా నచ్చిన వాక్యం ఇదే.

* * *

పై వివరణ బాగుంది. అయితే మూలార్థంతో అన్నీ తేలవని కూడా చెప్పాలండీ. 'నాకు అన్నాడు', 'నాకు చెప్పాడు' రెండూ మనకు 'కు'యే. ఐరిష్‌లో మొదటిది దూర్చ్ షే ల్యుమ్, రెండోది జినిష్ షే దుమ్. ఈ తేడాకు తర్కం వెతికితే దొరకదు, ఏ క్రియకు ఏ విభక్తో దానితోపాటే నేర్చుకోవాలి. 'నాకు తెలుసు' కూడా అంతే. విషయం తెలిస్తే తా ఎస్ అగమ్. మనిషి తెలిస్తే తా అహ్నె అగమ్ అని, ఆ మనిషి పేరుకు ముందు 'మీద' అనే విభక్తి పెట్టాలి. రాతలో ఎస్‌కు ముందు ఎఫ్, హెచ్ కనబడతాయి, రెండూ పలకవు. కొత్తవాళ్ళు అక్కడ 'ఫిస్' అని చదివేస్తుంటారు.

తలకిందుల సూత్రానికీ హద్దు ఉంది. కర్త, కర్మ రెండూ వచ్చే వాక్యంలో అది చెడిపోతుంది. 'అతను టీ తాగుతాడు' అన్నదాన్ని తిప్పితే 'తాగుతాడు, టీ, అతను' అవుతుంది. ఐరిష్‌లో క్రియ, ఆ వెంటనే కర్త, తర్వాతే కర్మ: ఓలన్ షే తే. తిప్పి పెడితే టీ అతన్ని తాగుతుంది.

ఉత్తమ పురుషలో ఇంకో పొరపాటు. ఓలిమ్ అంటేనే 'తాగుతాను', మన 'ను' లాగా ఆ చివరి 'ఇమ్'లోనే 'నేను' ఉంది. మనం 'నేను తాగుతాను' అని రెండుసార్లు చెప్పినా తప్పు లేదు. ఐరిష్‌లో ఓలిమ్ మే అంటే తప్పే.

* * *

'ఉంది' గురించి ఒక మాట. ఐరిష్‌లో రెండు ఉన్నాయి, తా, ఇస్. వీటిని కలిపేసుకోవడం అన్ని దేశాల విద్యార్థులూ చేసే తప్పే, కానీ తెలుగు తెలిసినవారికి మంచి గీటురాయి ఉంది. తెలుగు వాక్యంలో 'ఉండు' క్రియ వస్తే ఐరిష్‌లో తా. క్రియే లేకుండా వాక్యం పూర్తయితే చాలావరకు ఇస్. 'అది చల్లగా ఉంది': తా షే ఫూఅర్. 'నేను టీచర్ని': ఇస్ మూన్‌చోర్ మే. ఇక్కడ తా మే మూన్‌చోర్ అనకూడదు. 'ఇష్టం', 'మంచిది' లాంటి క్రియ లేని వాక్యాలకు కూడా ఇస్ రావడం గమనించండి.

* * *

నాదొక ప్రశ్న. 'నీకు ఐరిష్ వచ్చా?' అనడానికి అ విల్ గేల్గె అగత్ అంటారు కదా. తా ఎక్కడికి పోయింది? రాతలో ఆ 'విల్' ముందు బి, హెచ్, ఎఫ్ మూడూ ఉన్నాయి. వీటిలో ఏది చదవాలి?

* * *

తాకు ప్రశ్నల్లో వాడే రూపం వేరు, దాని అసలు మొదటి అక్షరం ఎఫ్. ప్రశ్నార్థకం 'అన్' (ఇక్కడ పలుకులో 'అ') ముందు వస్తే ఆ ఎఫ్ మారి 'వ' అవుతుంది. పాత అక్షరాన్ని తీసేయకుండా, కొత్త ధ్వనిని దాని ముందు రాస్తారు. కాబట్టి ముందున్న ధ్వనినే చదవాలి, వెనక ఉన్నది మూలం గుర్తుకే. జవాబులో 'అవును, కాదు' అనే మాటలు ఉండవు, ప్రశ్నలోని క్రియే తిరిగి చెప్పాలి: తా, లేదా నీల్. మనం 'వచ్చా?' అంటే 'వచ్చు', 'రాదు' అన్నట్టే.

ఈ మార్పును ఉరూ అంటారు. తెలుగు వ్యాకరణం చదివినవారికి ఇది పాత చుట్టమే. మన ద్రుతప్రకృతిక సంధిలో నకారం తర్వాత పరుషం సరళమవుతుంది: పూచెను + కలువలు, పూచెను గలువలు. ఐరిష్‌లోనూ క గ అవుతుంది, త ద అవుతుంది, ప బ అవుతుంది. కారణం కూడా అదే జాతిది. ఉరూ తెచ్చే మాటల్లో చాలావాటికి ఒకప్పుడు చివర అనునాసికం ఉండేది. ఏడు, తొమ్మిది, పది అనే సంఖ్యల తర్వాత ఐరిష్‌లో ఉరూ వస్తుంది. అవే సంఖ్యలు లాటిన్‌లో సెప్తెమ్, నొవెమ్, దెకెమ్, చివర మకారం చూడండి. ఐరిష్‌లో ఆ మకారం అరిగిపోయింది, అది పక్క మాట మీద వేసిన ముద్ర మాత్రం మిగిలింది. 'లో' అనే అర్థమిచ్చే 'ఇ' కూడా అంతే: ఊరి పేరు త్రా లీ, ఆ ఊళ్ళో అంటే ఇ ద్రా లీ.

తేడా ఏమిటంటే, మన వాడుక భాషలో ఈ సంధి దాదాపు పోయింది, అక్కడ రోజువారీ మాటలో బతికే ఉంది, అర్థాన్ని కూడా మోస్తుంది. 'అతని, ఆమె, వాళ్ళ' మూడింటికీ ఐరిష్‌లో ఒకటే మాట, 'అ'. పిల్లిని కత్ అంటారు. అ ఖత్ అంటే అతని పిల్లి, అ కత్ ఆమె పిల్లి, అ గత్ వాళ్ళ పిల్లి. మొదటి హల్లు సరిగా పలక్కపోతే పిల్లి చేతులు మారిపోతుంది. అ ఖత్‌లోని మార్పు ఉరూ కాదు, దాన్ని షేవూ అంటారు, అది రాతలో హెచ్ చేర్చి చూపిస్తారు.

మనవాళ్ళు జారేచోటు ఇంకొకటి: ఉరూలో ఎమ్, బి పక్కపక్కన కనబడితే 'మ్బ' అని కలిపి చదువుతారు. అక్కడ 'మ' ఒక్కటే పలకాలి.

* * *

ఉచ్చారణ మాట వచ్చింది కాబట్టి. తెలుగువాళ్ళకు ఇక్కడ నిజంగా కలిసొచ్చేది త, ద. అ, ఒ, ఉ అచ్చుల పక్కనున్న టి, డి అక్షరాలు ఐరిష్‌లో నాలుక పళ్ళకు తగిలే త, దలే. ఇంగ్లీషు అలవాటుతో 'టా గేల్గె' అనకండి, మన త చక్కగా సరిపోతుంది. ఇ, ఎ అచ్చుల పక్కన ఉంటే అవే చ, జలకు దగ్గరగా జరుగుతాయి, ఎస్ అయితే ష అవుతుంది.

కష్టమైనది అ ఖత్‌లోని ఖ. ఇది మన ఒత్తు ఖ కాదు. గాలి ఆగకుండా గొంతు దగ్గర రాసుకుంటూ రావాలి. హైదరాబాదు ఉర్దూ చెవిన పడ్డవారికి ఖబర్‌లో వినిపించే ఖ అదే.

ఒరమ్‌కు రాతలో ర, మ మధ్య అచ్చు లేదు, అయినా పలికేటప్పుడు చిన్న అచ్చు చేరుతుంది. నీలం రంగు గొరమ్ కూడా అంతే. ఒర్త్‌లో మాత్రం చేరదు, ర పక్కన త ఉంది కాబట్టి.

నేను ఇచ్చినవీ, పైవారు ఇచ్చినవీ కొనాఖ్త్ వైపు పలుకుబడికి దగ్గరగా ఉన్న ఉజ్జాయింపులే. మాండలికాలు మూడు, మన్‌స్టర్, కొనాఖ్త్, అల్‌స్టర్. మన్‌స్టర్‌లో అగమ్‌కు ఊనిక రెండో అక్షరం మీద పడుతుంది. విభక్తి కూడా మారుతుంది: 'నీ పేరేమిటి' అనడానికి కొనాఖ్త్‌లో 'నీ మీద ఉన్న పేరేది' అంటారు, మన్‌స్టర్‌లో 'నీకు పేరేమిటి' అంటారు. ఐరిష్ భాషా సంస్థ ఫొరస్ న గేల్గె నడిపే ఉచిత నిఘంటువు వెబ్‌సైటు, టి-ఇ-ఎ-ఎన్-జి-ఎల్-ఎ-ఎన్-ఎన్ డాట్ ఐఇ, తెరిస్తే చాలా మాటలకు మూడు మాండలికాల్లోనూ రికార్డింగులు ఉంటాయి. మొదట్లోనే ఒకదాన్ని ఎంచుకుని దాన్నే వినండి. మూడూ కలిపి వింటే చెవి కుదురుకోదు.

* * *

సాధన ఎలా చేయాలన్నది కూడా చెప్పేస్తే బాగుంటుంది. ఒక్కో విభక్తికి ఏడు రూపాలు: నా, నీ, అతని, ఆమె, మన, మీ, వాళ్ళ. ఐదు విభక్తులకు ముప్ఫై ఐదు. పట్టిక మొత్తం ఒకేసారి బట్టీ పడితే వాక్యంలో ఒక్కటీ నోటికి రాదు. మొదట అగమ్, అగత్ రెండే తీసుకుని, ప్రశ్న, జవాబు, లేదనడం తిప్పండి. తర్వాత ఒరమ్, ఒర్త్. ఈ నాలుగూ తడుముకోకుండా వచ్చాకే అతని, ఆమె రూపాలకు వెళ్ళండి. నోటుబుక్కులో 'ఒక్రస్ = ఆకలి' అని రాయకండి, 'ఒక్రస్ ఒరమ్ = నాకు ఆకలి' అని జంటగా రాయండి. విడిగా నేర్చిన నామానికి తర్వాత విభక్తి అతికించడం చాలా కష్టం, అప్పటికే నోరు అన్నిటికీ అగమ్ అనడానికి అలవాటు పడి ఉంటుంది.

* * *

కింది ఐదింటిని ఐరిష్‌లో చెప్పి చూసుకోవచ్చు: నాకు తలనొప్పిగా ఉంది. నాకు ఈత రాదు. నాకు ఇద్దరు కొడుకులు. నాకు కాఫీ వద్దు. ఈ పుస్తకం నాది.

* * *

వరసగా: తా చినెస్ కిన్ ఒరమ్. నీల్ స్నావ్ అగమ్. తా బెర్చ్ వక్ అగమ్. నీల్ కఫె ఉఎమ్. ఇస్ ల్యుమ్స అన్ ల్యౌర్ షొ.

మూడోదానిలో బెర్చ్ అంటే 'ఇద్దరు'. మనుషులను లెక్కపెట్టడానికి ఐరిష్‌లో పది వరకు వేరే సంఖ్యలు ఉన్నాయి, మన ఇద్దరు, ముగ్గురు, నలుగురు లాగే. వస్తువుల 'రెండు' ఇక్కడ పెట్టకూడదు. కొడుకు అసలు రూపం మక్, బెర్చ్ తర్వాత షేవూ వచ్చి వక్ అయింది. చివరిదానిలో అగమ్ రాదు. అగమ్ దగ్గర ఉండడాన్ని చెబుతుంది, ల్యుమ్స హక్కును చెబుతుంది. గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న పుస్తకానికి తా ల్యౌర్ అగమ్ అనవచ్చు, ఇస్ ల్యుమ్స అనడానికి వీల్లేదు.