క్రోమోజోమ్ కొనల్లోని పునరుక్త డీఎన్‌ఏ: పునఃసంయోజనానికి కారణమా, ఫలితమా?

హనుమకొండ_విద్యార్థి:
నేను ఎమ్మెస్సీ జంతుశాస్త్రం చదువుతున్నాను. అలెక్ జెఫ్రీస్ 1985లో డీఎన్‌ఏ వేలిముద్రలకు వాడిన మినీశాటిలైట్లు (ఒక చిన్న డీఎన్‌ఏ ముక్క పదేపదే వచ్చే పునరుక్త వరుసలు) మానవ క్రోమోజోముల కొనల దగ్గర గుంపుగా ఉంటాయనీ, పురుషులలో జన్యు పునఃసంయోజనం (జత క్రోమోజోములు తమ ముక్కలను మార్చుకోవడం, అంటే వినిమయం) కూడా ఆ ప్రాంతంలోనే ఎక్కువనీ తరగతిలో చెప్పారు. ఆ పునరుక్త వరుసలే వినిమయాన్ని రప్పిస్తాయా, లేక వినిమయం ఎక్కువగా జరగడం వల్ల ఆ వరుసలు పెరుగుతాయా? చిట్టచివరి టీటీఏజీజీజీ వరుస కూడా ఈ కోవలోదేనా?

కరీంనగర్_అధ్యాపకుడు:
చివరి సందేహం ముందు తీర్చుకుందాం బాబూ. టీటీఏజీజీజీ అనేది టెలోమియర్ (క్రోమోజోమ్ చిట్టచివరి భాగం) వరుస. దాన్ని టెలోమరేజ్ అనే ఎంజైమ్ చేరుస్తుంది, క్రోమోజోమ్ కొనను కాపాడటమే దాని పని. మినీశాటిలైట్లు దానికి లోపలివైపు ఉండే వేరే వరుసలు. ఈ రెండింటినీ కలిపి రాసిన జవాబు పత్రాలు నాకు తరచుగా కనిపిస్తాయి. మినీశాటిలైట్లు కొనల దగ్గర గుమికూడతాయని నికోలా రాయల్ బృందం 1988లో చూపింది, కానీ రెండు విషయాలు ఒకేచోట కనిపించినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణమని చెప్పలేము.

కాజీపేట_జన్యుశాస్త్రం:
అధ్యాపకుల వారి మాటకు ఎంఎస్32 అనే మినీశాటిలైట్ మంచి ఆధారం. ఇది 1వ క్రోమోజోమ్ పొడవు భుజంపై ఉంది. శుక్రకణాల డీఎన్‌ఏను పరీక్షించినప్పుడు, పునరుక్తుల సంఖ్యలో మార్పులు వరుస అంతటా సమానంగా కాక ఎక్కువగా ఒక కొస వైపే జరుగుతున్నట్లు తేలింది. 1998లో జెఫ్రీస్ బృందం ఆ కొసకు ఆనుకొని, వరుసకు బయట కేంద్రం ఉన్న సుమారు 1,500 క్షారజంటల (డీఎన్‌ఏ పొడవుకు కొలత) నిడివిలో వినిమయం ఎక్కువగా జరిగే స్థానాన్ని గుర్తించింది. అంతకుముందే, వరుస పక్కనున్న ఒకే ఒక క్షారం మారితే వరుసలో మార్పులు బాగా తగ్గిపోతాయని తెలిసింది. అంటే చురుకుదనం పక్కన పుడుతోంది, పునరుక్త వరుస దాని ప్రభావానికి లోనవుతోంది. నా దృష్టిలో ఈ ఉదాహరణ వరకు పునరుక్తి ఫలితమే.

హనుమకొండ_విద్యార్థి:
ధన్యవాదాలు సార్. మరి కొనల దగ్గర పునఃసంయోజనంలో స్త్రీ పురుషుల మధ్య తేడా ఎందుకు?

కరీంనగర్_అధ్యాపకుడు:
పూర్తి కారణం ఒక్క మాటలో తేలదు, కానీ ఎక్స్, వై క్రోమోజోముల పొట్టి భుజాల కొనలోని ఉమ్మడి ప్రాంతాన్ని గమనించండి. సుమారు 27 లక్షల క్షారజంటల ఆ ప్రాంతంలో పురుషుల క్షయకరణ విభజన (శుక్రకణాలు ఏర్పడే కణ విభజన) సమయంలో సాధారణంగా ఒక వినిమయం తప్పనిసరి. అది జరగకపోతే ఎక్స్, వై రెండూ ఒకే శుక్రకణంలోకి చేరి, క్లైన్‌ఫెల్టర్ స్థితికి (పురుషుడిలో ఒక ఎక్స్ అదనంగా ఉండటానికి) దారితీసే అవకాశం ఉంటుంది. స్త్రీలలో జతకట్టే రెండు ఎక్స్‌లలోనూ ఇదే ప్రాంతం, ఇవే పునరుక్తులు ఉన్నప్పటికీ, అక్కడ వినిమయం చాలా తక్కువ. కాబట్టి వినిమయం ఎంత జరగాలో డీఎన్‌ఏ వరుస ఒక్కటే నిర్ణయించడం లేదు.