షాపు వాళ్ళు వైన్ సీసాల కింద పెట్టే పాయింట్లు నమ్మొచ్చా? కొత్తగా వచ్చాను, కాస్త చెప్పండి

కొత్తగా_దిగాను:
అందరికీ నమస్కారం. నేను ఇక్కడికి వచ్చి నాలుగు నెలలైంది. వచ్చే శనివారం మా మేనేజర్ ఇంటికి భోజనానికి పిలిచారు, టీమ్‌లో మిగతా వాళ్ళంతా తలో వైన్ సీసా తీసుకెళ్తున్నాం అంటున్నారు. నాకు వైన్ గురించి ఓనమాలు కూడా రావు. నిన్న షాపుకెళ్తే అరలో ప్రతి సీసా కింద చిన్న అట్టముక్క, దాని మీద 91, 93, 90 అని అంకెలు. వాళ్ళ సైట్లో చూస్తే అవే సీసాలకి స్టార్లు వేరేగా ఉన్నాయి. ఈ అంకెలు నమ్మి కొనొచ్చా, లేక సరుకు కదలడానికి వాళ్ళే వేసుకుంటారా? అరగంట నిలబడి ఏమీ కొనకుండా వచ్చేశాను.

పాత_కాపు:
తమ్ముడూ, కొనకుండా రావడమే మంచిదైంది. ముందు ఒక సంగతి తెలుసుకో, ఆ అంకె చాలాసార్లు షాపు వాళ్ళు ఇచ్చింది కాదు, ఎవరో విమర్శకుడు ఇచ్చినదాన్ని వీళ్ళు ఏరుకుని పెడతారు. ఒకే వైన్‌కి నలుగురు 86, 88, 88, 93 ఇచ్చారనుకో, అట్ట మీదకి ఎక్కేది 93 ఒక్కటే. మిగతా మూడు ఎవరూ చెప్పరు. ఎవరి దగ్గరా మంచి మార్కు రాని సీసాకి అసలు అట్టే ఉండదు. అందుకే షాపంతా తిరిగినా నీకు 84 అనే అంకె కనపడదు.

నాకు జరిగింది చెప్తాను విను. నేనూ వచ్చిన కొత్తలో ఇలాగే ఒకరి ఇంటికి వెళ్ళాల్సి వచ్చింది. అట్ట మీద పెద్దగా 93, కింద రెండు ఇంగ్లీషు అక్షరాలు, ఏదో పేరున్న పత్రికేమో అనుకున్నాను. వైట్ వైన్, అద్దాల కిటికీ పక్కన ఎండ తగిలేచోట నిలబెట్టి ఉంది, అప్పట్లో అది తప్పని నాకేం తెలుసు. సంతోషంగా తీసుకెళ్ళి ఇచ్చాను. ఆయన గ్లాసులో పోసేసరికి లేత పసుపు రావాల్సింది పల్చటి టీ రంగులో వచ్చింది, కోసి వదిలేసిన ఆపిల్ ముక్క వాసన. ఆయన మర్యాదస్తుడు, ఒక్క మాట అనలేదు, ఆ గ్లాసు పక్కన పెట్టి తన దగ్గరున్న సీసా తీశాడు. ఆ సాయంత్రమంతా నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మర్నాడు రసీదు పట్టుకుని షాపుకెళ్ళాను. తెరిచిన సీసా తీసుకోం అన్నారు. మరి 93 అని రాశారుగా అంటే కౌంటర్‌లో అబ్బాయి లోపలికెళ్ళి ఇంకొకాయన్ని పిలిచాడు, ఆయన అట్ట చూసి, ఇది మా కొనుగోళ్ళ టీమ్ ఇచ్చిన మార్కండీ అన్నాడు. ఆ రెండక్షరాలు వాళ్ళ షాపు పేరులోవే! ఇంకా దగ్గరగా చూస్తే మూలన చీమంత అక్షరాల్లో 2012 అని ఉంది, నేను కొన్న సీసా మీద 2014. అడిగితే, అదే తోట, అదే కంపెనీ, రెండేళ్ళలో ఏం మారుతుంది అన్నాడు. ఎందుకు మారదు, ఒక ఏడు కోతల ముందు వానలు పడతాయి, ఒక ఏడు ఎండ మాడ్చేస్తుంది, అదే తోట వైన్ రెండేళ్ళకి రెండు రకాలుగా ఉంటుంది. డబ్బు తిరిగి రాలేదు. ఆ రోజు నుంచి అట్ట మీద సంవత్సరం, సీసా మీద సంవత్సరం ఒకటో కాదో చూడకుండా నేను సీసా ముట్టుకోను.

ద్రాక్షతోట:
పాత కాపు గారూ, మీకు జరిగింది అన్యాయమే, ఒప్పుకుంటాను. కానీ అంకెలన్నీ ఒక గాటన కట్టెయ్యకండి. ఈ 100 పాయింట్ల పద్ధతిని జనంలోకి తెచ్చింది రాబర్ట్ పార్కర్. ఆయన అమెరికాలో లాయరు, 1978లో సొంతంగా న్యూస్‌లెటర్ మొదలుపెట్టారు, అందులో వైన్ కంపెనీల ప్రకటనలు తీసుకోలేదు. అప్పట్లో వైన్ గురించి రాసేవాళ్ళలో చాలామందికి వైన్ వ్యాపారంతోనే సంబంధాలు ఉండేవి కాబట్టి కొనేవాడి పక్షాన నిలబడిన గొంతు అది. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో 1982 పంట గొప్పదని ఆయన మొదట్లోనే గట్టిగా చెప్పారు, అది నిజమైంది, పేరు అక్కణ్ణుంచే వచ్చింది. అలాంటి మనిషి నాలుక మీద నమ్మకంతో కొనడంలో తప్పేముంది? తప్పు అంకెది కాదు, దాన్ని అట్టకి ఎక్కించేవాళ్ళది.

తమ్ముడికి ఇంకో మాట. వైన్ పీపాలో ఉండగానే రుచి చూసి 92-94 అని ఒక అంచనా ఇస్తారు, సీసాకెక్కాక మళ్ళీ చూస్తారు. కొందరు అమ్మేవాళ్ళు ఆ 92 వదిలేసి 94 అని మాత్రమే వేస్తారు. ఎవరు ఇచ్చారు, ఏ ఏడు పంటకి ఇచ్చారు, పీపాలో చూసి ఇచ్చారా సీసా తెరిచి ఇచ్చారా, ఇవి అడుగు. జవాబు చెప్పగలిగితే కొను.

లెక్కల_మాస్టారు:
ద్రాక్షతోట గారూ, మీరు ఎప్పుడూ పార్కర్ దగ్గరే ఆగిపోతారు. ఆ నాలుకే నిలకడగా ఉండదని తేలాక ఏం చేస్తాం? రాబర్ట్ హాడ్జ్‌సన్ అని ఒకాయనకి సొంతంగా వైన్ తయారుచేసే చిన్న వైనరీ ఉండేది, తన వైన్‌కి ఒక పోటీలో గోల్డ్ వచ్చి ఇంకో పోటీలో ఏమీ రాకపోవడం చూసి అనుమానం వచ్చింది. కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీలో జడ్జీలకి ఒకే సీసాలోంచి మూడు గ్లాసులు పోసి మిగతా గ్లాసుల మధ్యలో కలిపి పెట్టించారు. 2008లో అచ్చయిన ఫలితం ఏంటంటే, మూడు గ్లాసుల్నీ ఒకే మెడల్ స్థాయిలో పెట్టగలిగింది పది మందిలో ఒక్కరు. మామూలు జడ్జి మార్కు అటూ ఇటూ 4 పాయింట్లు ఊగింది. అంటే అదే వైన్, అదే మనిషి, కాసేపటి తేడాలో ఒకసారి 90, ఒకసారి 86. షాపులో 89కి 91కి మధ్య తేడా చూసి సీసా మార్చుకునేవాళ్ళు దేన్ని చూసి మార్చుకుంటున్నట్టు?

తర్వాత ఏడాది మెడల్స్ లెక్క తీశారు. మూడు కంటే ఎక్కువ పోటీలకి వెళ్ళిన 2,440 వైన్లలో 47 శాతానికి ఎక్కడో ఒకచోట గోల్డ్ వచ్చింది, ఆ గోల్డ్ వచ్చినవాటిలో 84 శాతానికి ఇంకోచోట ఏమీ రాలేదు. తమ్ముడూ, సీసా మీద బంగారు రంగు స్టిక్కర్ చూసి మురిసిపోకు. పోటీకి పంపడానికి వైనరీలు ఫీజు కడతాయి, ఎక్కువ పోటీలకి పంపితే ఎక్కడో ఒకటి తగులుతుంది.

ద్రాక్షతోట:
మాస్టారూ, పోటీ జడ్జీ రోజుకి వంద గ్లాసులు రుచి చూస్తాడు, ఏళ్ళ తరబడి ఒకే ప్రాంతం వైన్లు చూసే విమర్శకుడు వేరు, ఇద్దర్నీ కలపకండి. పైగా ఓఐవి అనే అంతర్జాతీయ సంస్థ నియమాల ప్రకారం జరిగే పోటీల్లో మెడల్స్ మొత్తం ఎంట్రీల్లో 30 శాతం దాటకూడదు. అన్ని స్టిక్కర్లూ ఒకటి కాదు.

లెక్కల_మాస్టారు:
స్టిక్కర్ మీద ఆ సంగతి రాసుంటుందా? కొనేవాడికి ఎలా తెలుస్తుంది? ఇంకోటి, 100 పాయింట్లు అంటారుగానీ ఆ స్కేలు మొదలయ్యేదే 50 దగ్గర. పార్కర్ స్కేల్లో 80 నుంచి 89 అంటే సగటు కంటే మెరుగు నుంచి చాలా బాగుంది దాకా. కానీ షాపులో 87 అంటే పరీక్ష తప్పినట్టు చూస్తారు. 87 వచ్చిన మంచి వైన్లు అట్ట లేకుండా కింద అరలో పడుంటాయి, నాకు ఇష్టమైనవన్నీ అక్కడివే.

అర్ధరాత్రి_షిఫ్ట్:
స్టార్ల సంగతి ఎవరూ చెప్పలేదు. వివినో లాంటి యాప్‌లో సీసా ఫోటో తీస్తే వేలమంది ఇచ్చిన సగటు వస్తుంది, షాపు సైట్లో స్టార్ల కంటే అది నయం, ఎందుకంటే షాపు సైట్లో ఏ రివ్యూ ఉంచాలో వాళ్ళ చేతిలో ఉంటుంది. పదకొండు మంది ఇచ్చిన 4.6 కంటే నాలుగు వేలమంది ఇచ్చిన 3.9 నాకు ఎక్కువ. కాకపోతే ఆ యాప్ కూడా వైన్ అమ్ముతుంది, అది మనసులో పెట్టుకో. రుచి చూసేముందే ధర తెలిస్తే నాలుక కూడా మోసపోతుంది, 2008లోనే ఒక ప్రయోగంలో ఒకే వైన్‌ని ఖరీదైనదని చెప్పి ఇస్తే మెదడు స్కాన్‌లో కూడా ఎక్కువ ఆనందం కనపడింది.

తాగని_బాబాయి:
బాబూ, నేను ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడున్నాను, ఒక్క చుక్క ముట్టలేదు, ఎవరింటికెళ్ళినా పూలు పట్టుకెళ్ళాను, ఏ మేనేజరూ తక్కువ చేసి చూడలేదు. తెలియనిదాని కోసం అంత బెంగ ఎందుకు నాన్నా.

నీలిమేఘం:
బాబాయి గారు చెప్పిందీ నిజమే, కానీ అబ్బాయి తీసుకెళ్దామనుకుంటున్నాడు కదా. తమ్ముడూ, పాయింట్ల కంటే నువ్వు తెలుసుకోవాల్సింది సీసా పాడైందో లేదో. కార్క్ ఉన్న సీసాల్లో కొన్నిటికి టీసీఏ అనే రసాయనం పడుతుంది, తెరవగానే తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది. 95 వచ్చిన వైన్‌కైనా అది పట్టొచ్చు, ఏ రేటింగూ దాన్ని ముందే చెప్పలేదు. రెస్టారెంట్‌లో ముందు నీ గ్లాసులో ఒక గుక్క పోసి నిలబడేది కూడా ఇందుకే, నచ్చిందా అని కాదు, పాడవలేదు కదా అని. స్క్రూ మూత ఉన్నది తీసుకుంటే ఈ గొడవ చాలావరకు తప్పుతుంది, స్క్రూ మూత అంటే నాసిరకం అని ఎవరైనా అంటే నమ్మకు.

షాపులో అట్టలు చదవకుండా మనిషిని అడుగు. ఇది మీరు తాగారా, ఎప్పుడు తాగారు, ఎలా ఉంది అని. నేను కొనే చోట ఒకావిడ ఉంది, నేను ఒకటి చూపిస్తే, అది కాస్త పుల్లగా ఉంటుంది, మీరు పోయినసారి తీసుకున్నది నచ్చితే ఇది నచ్చదు అని చెప్పింది. నా రుచి గుర్తుపెట్టుకున్న ఆవిడ మాట ముందు ఆ 93 ఎంత?

కొత్తగా_దిగాను:
అందరికీ చాలా థాంక్స్. ఇవాళ మళ్ళీ వెళ్ళాను. నేను నిన్న చూసిన 93 అట్ట దగ్గరికెళ్ళి వంగి చదివితే పాత కాపు అన్నయ్య చెప్పినట్టే ఉంది, అట్ట మీద 2019, సీసా మీద 2021. కౌంటర్‌లో అడిగితే ఆ అమ్మాయి తను ఆ వైన్ తాగలేదని చెప్పేసి, పోయిన నెల తాగింది ఒకటి చూపించింది. కింద అరలో, అట్ట లేదు, స్క్రూ మూత. అదే తీసుకున్నాను. బాబాయి గారూ, పూలు కూడా తీసుకెళ్తున్నాను.

పాత_కాపు:
రసీదు పారెయ్యకు తమ్ముడూ. శనివారం దాకా సీసాని కిటికీ దగ్గర పెట్టకు.